హైబ్రిడ్ బ్యాటరీ మార్పించాక మళ్లీ అదే ఎర్ర త్రికోణం: తప్పు బ్యాటరీదా, కారుదా?

చిన్నరథం:

అందరికీ నమస్కారం. నాది 2008 టయోటా ప్రియస్, రెండో తరం. హైబ్రిడ్ బ్యాటరీ పోయిందంటే ఒక వర్క్‌షాప్‌లో మార్పించాను. కొత్తది కాదు, రీకండిషన్ చేసిన ప్యాక్. మొదట్లో బాగానే నడిచింది, మైలేజీ కూడా మళ్లీ ఎప్పటిలా వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ మొదలైంది.

ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త గట్టిగా తొక్కితే ఎర్ర త్రికోణం వెలుగుతోంది. వెనక సీటు పక్కన బ్యాటరీని చల్లబరిచే ఫ్యాన్ హోరున తిరుగుతోంది, పాట పెట్టినా వినబడుతోంది. స్క్రీన్ మీద బ్యాటరీ గీతలు ఆకుపచ్చ నుంచి గులాబీ రంగుకి చూస్తుండగానే పడిపోతాయి, దిగువకి వస్తే అంతే వేగంగా నిండిపోతాయి. స్కానర్ పెడితే పి0ఏ80, పి3000 అని బ్యాటరీ లోపం కోడ్‌లు వచ్చాయి. బ్యాటరీ మార్చకముందు వచ్చిన కోడ్‌లే.

వర్క్‌షాప్ వాళ్లని అడిగితే మా ప్యాక్ బాగానే ఉంది, మీ కారు కంప్యూటర్ పోయింది, అది మార్చుకోండి అంటున్నారు. ఇంకో చోట అడిగితే ప్యాక్ మొత్తం దండగ, సరికొత్తది వేయించండి అన్నారు. ఇద్దరిలో ఒక్కరూ మీటరు పెట్టి దేన్నీ కొలిచి చూడలేదు. ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ముందు ఏం చూడాలి? దగ్గర్లో ఎలక్ట్రికల్ పని తెలిసిన తమ్ముడున్నాడు, మీటరు పట్టుకోవడం వాడికి వచ్చు.

నాలుగోగేరు:

ముందు 12 వోల్ట్‌ల చిన్న బ్యాటరీ చూడండి బ్రదర్. చాలామంది దాన్ని మర్చిపోతారు. ఈ కార్లో అది ఇంజిన్ తిప్పదు, కంప్యూటర్లని లేపి, పెద్ద బ్యాటరీని కలిపే రిలేలని బిగిస్తుంది, అంతే. కానీ అది నీరసంగా ఉంటే సంబంధం లేని కోడ్‌లు గుంపుగా వస్తాయి. రాత్రంతా ఆపి ఉంచిన కారులో పొద్దున్నే కొలిస్తే 12.5 దగ్గర ఉండాలి, కారు నడవడానికి సిద్ధం అని చెప్పే రెడీ లైటు వెలిగాక 13.8 పైన చూపించాలి. 12 కంటే కిందుంటే మిగతా పరీక్షలన్నీ తర్వాత.

మార్చాల్సి వస్తే గాలి గొట్టం పెట్టే వీలున్న రకమే కొనండి. ఆ బ్యాటరీ డిక్కీలో, అంటే మనం కూర్చునే గాలిలోనే ఉంటుంది. దాన్నుంచి వచ్చే గ్యాస్ బయటికి పోవాలి.

గ్రీజుచేతులు:

12 వోల్ట్ చూడటం మంచిదే, కాదనను. కానీ పి0ఏ80 ఊరికే రాదు నాలుగోగేరు గారూ. చిన్న బ్యాటరీ నీరసిస్తే ఎక్కువగా వచ్చేవి కమ్యూనికేషన్ కోడ్‌లు, రెడీ అవకపోవడం. పి0ఏ80 అంటే బ్లాక్‌ల వోల్టేజీల మధ్య తేడా పరిమితి దాటిందని బ్యాటరీ ఈసీయూ, అంటే ప్యాక్‌ని కనిపెట్టుకుని ఉండే చిన్న కంప్యూటర్, చెబుతున్నట్టు. ఇక్కడే అందరూ బోల్తా పడేది. ఆ కోడ్ పేరులో "ప్యాక్ మార్చండి" అని ఉంటుంది కాబట్టి మార్చేస్తారు. నిజానికి ఈసీయూకి ప్యాక్‌లోని విడి బ్యాటరీలు, అంటే మాడ్యూళ్లు కనబడవు, వాటి నుంచి వచ్చే సన్నటి తీగల (సెన్స్ వైర్ల) చివర ఎంత వోల్టేజీ ఉందో అదొక్కటే కనబడుతుంది. తీగ చెడినా అది బ్యాటరీనే తిడుతుంది.

చిన్నరథం గారూ, మీ కారులో 28 మాడ్యూళ్లు ఉంటాయి. ఒక్కోటి 7.2 వోల్ట్‌లు, లోపల ఆరు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు. అన్నీ వరసలో కలిపితే 201.6 వోల్ట్‌లు. ఈసీయూ రెండేసి మాడ్యూళ్లని ఒక బ్లాక్‌గా లెక్కేసి 14 బ్లాక్‌లని చూస్తుంది. "బ్యాటరీ మార్చాం" అని మీతో అన్నారు కదా, ఏం మార్చారో అడిగారా? రీకండిషన్ పనిలో సాధారణంగా మారేది మాడ్యూళ్లే. వాటిని కలిపే రాగి పట్టీలు, సెన్స్ వైర్ల కట్ట, ఈసీయూ, ఫ్యాన్, టెంపరేచర్ సెన్సర్లు, ఇవన్నీ పాతవే తిరిగి బిగిస్తారు. పాత ప్యాక్‌లో కోడ్ రావడానికి కారణం వీటిలో ఒకటైతే, కొత్త మాడ్యూళ్ల మీదా అదే కోడ్ వస్తుంది. మీకు మార్చకముందూ తర్వాతా అవే కోడ్‌లు రావడం నాకు అందుకే అనుమానంగా ఉంది.

ఇంకో డబ్బు ఖర్చు పెట్టకముందు 14 బ్లాక్‌ల వోల్టేజీలు చదివి ఇక్కడ పెట్టండి. కారు కోడ్‌లు చదివే సాకెట్‌కి పెట్టే ఓబీడీ అడాప్టర్ ఒకటి, ఫోన్లో డాక్టర్ ప్రియస్ యాప్ ఉంటే చాలు. మూడు సందర్భాల్లో చూడండి: కదలకుండా ఉన్నప్పుడు, గట్టిగా తొక్కినప్పుడు, బ్రేక్ మీద ఛార్జ్ ఎక్కుతున్నప్పుడు. నడిపేది మీరు, ఫోన్ పట్టుకునేది తమ్ముడు.

నిదానం:

రీకండిషన్ ప్యాక్‌ల మీద నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు, ఉన్నమాట చెబుతున్నా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. పాత కార్లలోంచి తీసిన మాడ్యూళ్లని ఛార్జ్ చేసి, డిశ్చార్జ్ చేసి, పైకి వోల్టేజీ సమానంగా ఉందని వరసలో పెట్టేస్తారు. వోల్టేజీ సమానంగా ఉంటే సరిపోదు కదా. కొత్తప్పుడు 6.5 ఆంపియర్ అవర్ పట్టే మాడ్యూల్ ముసలిదయ్యాక అందులో సగమే పట్టొచ్చు, అయినా ఊరికే పెట్టి కొలిస్తే మిగతావాటిలాగే కనబడుతుంది. జోడెద్దుల్లో ఒకటి కుంటిదైతే బండి దాని నడకే నడుస్తుంది, వరసలో కలిపిన సెల్లుల సంగతీ అంతే. అన్నింటి గుండా ఒకటే కరెంటు పోవాలి కాబట్టి తక్కువ పట్టేది ముందు ఖాళీ అవుతుంది, ముందు నిండుతుంది. పూర్తిగా ఖాళీ అయ్యాక కూడా మిగతావి దాన్ని లాగుతుంటే ఆ సెల్‌లో ప్లస్, మైనస్ తారుమారవుతాయి, లోపల గ్యాస్ పుట్టి మాడ్యూల్ ఉబ్బుతుంది.

గీతలు వెంటనే పడిపోవడం, వెంటనే నిండడం అన్నారు చూడండి, అది కెపాసిటీ లేని ప్యాక్ లక్షణం. వర్క్‌షాప్ వాళ్ల గ్యారంటీ ఉంటే అది దాటకముందే రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో మాట్లాడితే గాలికి పోతుంది.

గ్రీజుచేతులు:

నిదానం గారు చెప్పింది చాలాసార్లు నిజమే. కానీ ఈ కేసులో ఏదో తేల్చుకోవాలంటే అంకెలు కావాలి. వచ్చాక ఇలా చదవండి.

కారు కదలకుండా ఉన్నప్పుడే ఒక బ్లాక్ మిగతావాటి కంటే 1.2 వోల్ట్ దాకా తక్కువుంటే అందులో ఒక సెల్ చచ్చిందని అనుకోవచ్చు, ఎందుకంటే ఒక్క సెల్ విలువ అంతే. ఊరికే ఉన్నప్పుడు అన్నీ సమానంగా ఉండి, ఎత్తు ఎక్కుతున్న కొద్దీ ఒకటి మెల్లగా మెల్లగా జారిపోతుంటే అది కెపాసిటీ పోయిన మాడ్యూల్. తొక్కీ తొక్కగానే ఠక్కున పడి, కాలు తీయగానే ఠక్కున లేచి, బ్రేక్ మీద మిగతావాటికంటే పైకి పోతుంటే అది నిరోధం. మాడ్యూల్ లోపలి నిరోధం కావచ్చు, రాగి పట్టీ దగ్గర నట్టు వదులో చిలుమో కావచ్చు. నాలుగో రకం ఒకటుంది, ఒక బ్లాక్ ఎంత తగ్గిందో పక్క బ్లాక్ సరిగ్గా అంతే పెరిగి కనబడటం. రెండింటినీ కూడితే మొత్తం మామూలుగానే ఉంటుంది. ఆ రెండు బ్లాక్‌ల మధ్య సెన్స్ వైరు ఒకటే, ఒకదానికి చివర, రెండోదానికి మొదలు. ఆ ఒక్క తీగ తప్పు చెబితే రెండు లెక్కలూ తప్పుతాయి. అప్పుడు మాడ్యూళ్ల జోలికి పోనక్కర్లేదు.

పొగమంచు:

మధ్యలో వస్తున్నందుకు సారీ. నాదీ హైబ్రిడ్డే, కానీ కోడ్ పి0ఏఏ6. ఏసీ కంప్రెసర్ పని చేయించాక వచ్చింది. ఇది కూడా బ్యాటరీయేనా?

గ్రీజుచేతులు:

పొగమంచు గారూ, అది ఇన్సులేషన్ కోడ్. హై వోల్టేజీ ఎక్కడో కారు బాడీకి లీకవుతోందని. బ్యాటరీలో ఎలక్ట్రోలైట్ కారినా వస్తుంది, కానీ మీరు ఏసీ పని తర్వాత అన్నారు కాబట్టి కంప్రెసర్‌లో ఏ ఆయిల్ పోశారో ముందు కనుక్కోండి. ఈ కార్లలో కంప్రెసర్ మోటారు హై వోల్టేజీ మీద నడుస్తుంది, కరెంటు పారనివ్వని ఎన్‌డి-11 రకం ఆయిలే పోయాలి. మామూలు కార్లకి పోసే పాగ్ ఆయిల్ కలిస్తే ఇన్సులేషన్ దెబ్బతింటుంది. ప్రియస్ అయితే లోపలి సమాచార కోడ్ కూడా చదివించండి, 611 అంటే ఏసీ వైపు, 612 అంటే బ్యాటరీ వైపు. మిగతాది వేరే ప్రశ్నగా పెట్టండి, ఇక్కడ కలగాపులగం అవుతుంది.

చిన్నరథం:

అందరికీ థాంక్స్. 12 వోల్ట్ బ్యాటరీ పొద్దున 12.6 ఉంది, రెడీలో 14 చూపిస్తోంది. దాన్ని పక్కన పెట్టేశాం.

బ్లాక్‌ల అంకెలు ఇవీ. కదలకుండా ఉన్నప్పుడు పన్నెండు బ్లాక్‌లు 15.9 నుంచి 16.1 మధ్య ఉన్నాయి. ఆరోది 15.1, ఏడోది 16.9. ఎత్తు మీద గట్టిగా తొక్కితే కరెంటు వంద ఆంపియర్ల దాకా పోయింది, అప్పుడు మిగతావి 13.8 దగ్గర, ఆరు 12.7, ఏడు 14.8. పదకొండోది 13.3కి దిగింది, అది కూడా కాస్త తక్కువే కదా? గుంతలో పడినప్పుడు ఆరు, ఏడు అంకెలు ఒక్క క్షణం సరిపోయి మళ్లీ విడిపోయాయి, ఇది మాత్రం విచిత్రంగా అనిపించింది. టెంపరేచర్ 44 డిగ్రీలు చూపిస్తోంది, ఫ్యాన్ స్పీడ్ 6.

గ్రీజుచేతులు:

విచిత్రం కాదు సార్, అసలు సంగతి అదే. ఆరు, ఏడు కూడండి: 32.0. మామూలు రెండు బ్లాక్‌ల మొత్తం. తొక్కినప్పుడు కూడా 27.5, అదీ మామూలే. మాడ్యూల్ పోతే పక్కది ఎందుకు పెరుగుతుంది? పైగా గుంతలో పడితే బాగుపడే మాడ్యూల్‌ని నేనింతవరకు చూడలేదు. ఆ రెండింటి మధ్య సెన్స్ వైరు కలిసే చోటైనా, ఈసీయూ దగ్గర కనెక్టర్‌లోనైనా కాంటాక్ట్ సరిగా లేదు.

ఇప్పుడు ప్యాక్ తెరవాలి. ఇది తేలిగ్గా తీసుకునే పని కాదు, తమ్ముడికి మీటరు పట్టుకోవడం వచ్చు అన్నంత మాత్రాన సరిపోదు. 200 వోల్ట్‌ల డీసీ ప్రాణం తీస్తుంది. తాళం తీసి కారుకి దూరంగా పెట్టాలి, 12 వోల్ట్ నెగటివ్ విప్పాలి, 1000 వోల్ట్‌ల ఇన్సులేటెడ్ గ్లవ్స్ వేసుకుని నారింజ రంగు సర్వీస్ ప్లగ్ లాగాలి, లాగి దాన్ని జేబులో వేసుకోవాలి, ఇంకెవరూ పెట్టకుండా. తర్వాత ఇన్వర్టర్‌లో (బ్యాటరీ డీసీని మోటారుకి ఏసీగా మార్చే పెట్టెలో) కరెంటు నిల్వ ఉండే కెపాసిటర్లు ఖాళీ అవడానికి కనీసం పది నిమిషాలు ఆగాలి. ఇంత చేసినా ప్యాక్ లోపల కరెంటు పోదు, గుర్తుంచుకోండి. ప్లగ్ తీస్తే వరస రెండు ముక్కలవుతుంది తప్ప ఒక్కో ముక్కా కొట్టగలదు. గ్లవ్స్ తీయొద్దు, ఉంగరం, గడియారం, మెడలో గొలుసు తీసి ఇంట్లో పెట్టి రండి. ఈ పని చేసిన అనుభవం ఉన్నవాళ్లు పక్కన లేకపోతే తెరవకండి, ఈ అంకెలు రాసుకుని హైబ్రిడ్ పని తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

తెరిచినవాళ్లు సెన్స్ వైర్లు ఉన్న వైపు చూడాలి, ఆరు ఏడు బ్లాక్‌ల మధ్య పట్టీ దగ్గర. చిలుము ఉంటే పట్టీలని విప్పి, మాడ్యూళ్లకి దూరంగా తీసుకెళ్లి వెనిగర్‌లో నానబెట్టి, నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. ఇంకా మంచిది నికెల్ పూత ఉన్న పట్టీలు వేయడం. బిగించేటప్పుడు టార్క్ రెంచ్ తప్పనిసరి, 5.4 న్యూటన్ మీటర్లు. బలం ఉంది కదా అని బిగిస్తే టెర్మినల్ దగ్గర సీల్ కదిలి లోపలి క్షారం ఊరుతుంది, అదే మళ్లీ రాగిని తింటుంది.

నిదానం:

ఆరు, ఏడు లెక్క ఒప్పుకుంటున్నా. పదకొండు మాత్రం నేను చెప్పిన జబ్బే. అర వోల్ట్ తేడా ఇవాళ కోడ్ వేయదు, కానీ దారి అటే. 44 డిగ్రీలు కూడా బాగాలేదు. వేడి ఎక్కువైతే ఛార్జింగ్‌ని ఈసీయూ తగ్గిస్తుంది, పాత మాడ్యూళ్లు మరీ తొందరగా పోతాయి. ఫ్యాన్ ఆరో స్పీడులో, అంటే పూర్తి వేగంతో తిరుగుతూ కూడా చల్లబడటం లేదంటే గాలి లోపలికి పోవడం లేదు. బ్యాటరీ మార్చినవాళ్లు ఫ్యాన్ విప్పి చూశారా అసలు? గాలి గొట్టం సరిగా బిగించకపోయినా ఇదే గతి. వెనక సీటు పక్కన గాలి పోయే జాలీకి సంచులు, దుప్పట్లు అడ్డం పెట్టకండి.

చిన్నరథం:

అప్‌డేట్ ఇస్తున్నా. మేం తెరవలేదు, హైబ్రిడ్ పని తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి అంకెల కాగితం చేతిలో పెట్టాం. ఆయన ఒకటికి రెండుసార్లు చదివి, ఇంకేం అడక్కుండా ప్లగ్ లాగాడు. మేం చూస్తుండగానే విప్పాడు.

మాడ్యూళ్లు పైకి శుభ్రంగా ఉన్నాయి, ఉబ్బు లేదు. సెన్స్ వైర్ల కట్ట మాత్రం పాతదే. పట్టీల మీద అక్కడక్కడా నల్ల మచ్చలు, ఆరు ఏడు మధ్య రింగు దగ్గర పచ్చటి చిలుము, గోటితో గీస్తే పొడిలా రాలింది. ఆ తీగ ఈసీయూకి వెళ్లే కనెక్టర్‌లో కూడా ఒక పిన్ను పచ్చగా ఉంది, లాగితే సగం పిన్ను కనెక్టర్‌లోనే ఉండిపోయింది. వైర్ల కట్ట మొత్తం మార్చాడు, ఈసీయూ వైపు పిన్నులు శుభ్రం చేశాడు. ఈసీయూ బోర్డు బాగానే ఉంది, అంటే కంప్యూటర్ పోయింది అన్న మాట ఉత్తదే.

ఫ్యాన్ సంగతి చెప్పాలి. రెక్కల మధ్య దుమ్ము పేరుకుని నూలు దుప్పటిలా అతుక్కుంది, చేత్తో లాగితే పొరలుగా వచ్చింది. పైన గొట్టం ఒక క్లిప్పు లేకుండా వేలాడుతోంది, డిక్కీలోని వేడి గాలినే లాగుతోంది.

తిరిగి బిగించాక మొదట రెడీ అవలేదు, గుండె ఆగినంత పనైంది. మెకానిక్ నవ్వి, ప్లగ్ హ్యాండిల్ పైకి తిప్పాక కిందికి జరపాలి, ఆ ఆఖరి జరుపు పడకపోతే ప్లగ్ సరిగా పడిందని కారుకి చెప్పే ఇంటర్‌లాక్ స్విచ్ కలవదు అని సరిచేశాడు. వెంటనే రెడీ వచ్చింది. ఇప్పుడు ఆరు, ఏడు మిగతావాటితో 0.1 తేడాలో ఉన్నాయి, అదే ఎత్తు ఎక్కినా టెంపరేచర్ 36 దాటలేదు. కోడ్‌లు చెరిపాక మళ్లీ రాలేదు.

రెండు అనుమానాలు మిగిలాయి. పదకొండోది ఇంకా అర వోల్ట్ తక్కువే. గీతలు కూడా అప్పుడప్పుడు ఎగిరిపడుతున్నాయి, మునుపటంత కాదు.

గ్రీజుచేతులు:

ఆ సగం పిన్ను ఫొటో తీసి ఉంటే వర్క్‌షాప్ వాళ్లకి పంపండి, కంప్యూటర్ మార్చమన్నవాళ్లు చూడాలి.

గీతల గురించి కంగారు వద్దు. స్క్రీన్ మీద కనబడేది కొలిచిన ఛార్జ్ కాదు, వచ్చిపోయే కరెంటు, వోల్టేజీ, వేడి చూసి ఈసీయూ వేసుకున్న అంచనా. ఇన్నాళ్లూ తప్పుడు వోల్టేజీ చూసి అంచనా వేసింది. 12 వోల్ట్ విప్పి పెట్టాక మళ్లీ లెక్క కట్టుకోవడానికి కొంత నడపాలి. ఈ కారు ప్యాక్‌ని దాదాపు 40 నుంచి 80 శాతం మధ్యే వాడుతుంది, ఎక్కువగా 60 దగ్గర ఉంచాలని చూస్తుంది. కాబట్టి ఎనిమిది గీతల్లో ఆరు దగ్గర తిరుగుతుంటే ఆరోగ్యంగా ఉన్నట్టే. కొన్నాళ్లు నడిపాక కూడా గులాబీ నుంచి ఆకుపచ్చకి ఉన్నట్టుండి దూకుతుంటే అప్పుడు నిదానం గారి మాటే ఖాయం.

నిదానం:

పదకొండో బ్లాక్‌లో రెండు మాడ్యూళ్లుంటాయి, 21, 22. గ్యారంటీలో అడిగేటప్పుడు ఒక్కోదాన్నీ విడిగా లోడ్ పెట్టి కొలవమనండి, రెండూ ఒకేసారి పోవడం అరుదు. పోయినదాని స్థానంలో ఏది వేస్తారో కూడా అడగండి. మిగతా 27 పాతవాటి మధ్య సరికొత్త మాడ్యూల్ వేసినా తేడా తేడాయే, దగ్గర కెపాసిటీ ఉన్నదే వేయాలి. వేసేముందు అన్నింటినీ పారలల్‌లో కలిపి ఒక రాత్రి ఉంచి వోల్టేజీలు సమం చేయాలి. వాళ్లు అది చేస్తామనకపోతే పదకొండోదాన్ని ప్రస్తుతానికి కదపకండి, నెలకోసారి అదే ఎత్తు మీద అదే అంకె చూసుకుంటూ నడపండి. అర వోల్ట్ కాస్తా ఒక వోల్ట్ అయిన రోజు మార్చొచ్చు.

చిన్నరథం:

కెపాసిటీ కొలిచిన కాగితం ఇవ్వమని మెసేజ్ పెట్టాను. "చూసి చెబుతాం" అన్నారు. కంప్యూటర్ మాటైతే ఈసారి ఎత్తలేదు.